స్లైగో కొండలు: పచ్చదనం కింద ఆరు వేల ఏళ్ల మనిషి పని

ఐర్లండ్ పల్లెల ఫొటోల కింద తరచుగా కనిపించే మాట ఒకటుంది: "మనిషి చెయ్యి పడని ప్రకృతి." పచ్చటి కొండ, కింద సరస్సు, కొండ నెత్తిన ఎవరో పోసినట్టున్న రాళ్లగుట్ట, చుట్టూ చెట్టన్నది లేని నేల. చూడగానే ఎవరికైనా అలాగే అనిపిస్తుంది. కానీ చెట్లు లేకపోవడం వెనక, నేల నల్లగా మెత్తగా మారడం వెనక, గొర్రెల వెనక, కంచెల వెనక, ఆ రాళ్లగుట్ట వెనక కూడా రైతులున్నారు. వాళ్లలో మొదటివాళ్లు దాదాపు 5,800 ఏళ్ల కిందట పశువుల్ని, గోధుమ, బార్లీ విత్తనాల్ని పడవల్లో ఎక్కించుకుని ఆ దీవికి వచ్చారు.

ఈ సంగతి అర్థం కావడానికి దేశం వాయవ్య మూలనున్న స్లైగో కౌంటీని మించిన చోటు లేదని నా ఉద్దేశం. డబ్లిన్ కానలీ స్టేషన్‌లో రైలెక్కితే మూడు గంటల పైచిలుకు దూరం. పర్యాటకుల జాబితాల్లో క్లిఫ్స్ ఆఫ్ మోహర్, కెర్రీ తర్వాతే దీని పేరు వస్తుంది. డబ్లిన్‌లో ఉద్యోగాలు చేసుకుంటున్న తెలుగువాళ్లకైతే ఇది ఒక వారాంతంలో చూసి రాగలిగిన చోటు. అయితే చూడటం వేరు, చూసింది అర్థం కావడం వేరు. రాయి, సమాధి, పీట్ నేల (పూర్తిగా కుళ్లని మొక్కలు పేరుకున్న నల్లటి నేల), భూమి హక్కు ఇక్కడ ఒకదానికొకటి చిక్కుపడి ఉన్నాయి. ఒకటి వదిలేస్తే మిగతావి అంతుపట్టవు.

మంచు తెచ్చి పడేసిన రాళ్లు

స్లైగో అడుగున ఉన్నది ఎక్కువగా సున్నపురాయి. 30 కోట్ల ఏళ్లకు పైగా కిందట ఇక్కడ వెచ్చని, లోతులేని సముద్రం ఉండేది. దాని అడుగున పేరుకున్న గవ్వలు, పగడాలే ఈ రాయి అయ్యాయి. తర్వాత మంచుయుగాల్లో హిమానీనదాలు దాన్ని గీకి, తొలిచి, బల్లపరుపు తలలున్న కొండలుగా మిగిల్చాయి. 526 మీటర్ల బెన్‌బుల్బెన్ వాటిలో అందరికీ తెలిసినది. కవి యేట్స్ సమాధి దాని పాదం దగ్గర డ్రమ్‌క్లిఫ్ చర్చి ఆవరణలో ఉంది.

మంచు మరో పని కూడా చేసింది. దక్షిణాన ఉన్న ఆక్స్ కొండల నుంచి నైస్ అనే గట్టి రాతి గుండ్లను దొర్లించుకొచ్చి, నాక్‌నరే కొండ పక్కనున్న మైదానంలో వదిలేసి కరిగిపోయింది. వేల ఏళ్ల తర్వాత వచ్చిన రైతులకు ఆ గుండ్లు చేతికందిన సామగ్రి అయ్యాయి. కారోమోర్‌లోని సమాధులు వాటితోనే కట్టారు: వలయంగా గుండ్లు, మధ్యలో నిలబెట్టిన రాళ్ల మీద ఒక పెద్ద గుండు. అక్కడికి దక్షిణంగా పాతిక కిలోమీటర్ల దూరంలో బ్రిక్‌లీవ్ కొండల మీదున్న కారోకీల్‌లో ఈ గుండ్లు లేవు. అక్కడ సున్నపురాయి పలకలుగా చీలుతుంది కాబట్టి గదుల్ని పలకలతో కట్టారు. ఒకే రకం సమాధి రెండు చోట్ల రెండు రూపాల్లో ఉండటానికి సగం కారణం ఇదే.

సున్నపురాయికి ఇంకో గుణం ఉంది. వాననీటిలో కలిసిన కార్బన్ డయాక్సైడ్ దాన్ని కొద్దిపాటి ఆమ్లంగా మారుస్తుంది, ఆ నీరు రాయిని కరిగిస్తూ లోపల బిలాలు, సొరంగాలు చేస్తుంది. కారోకీల్ కింద పరుచుకున్న 'ఆరో' అనే పేరున్న సరస్సుకు చెప్పుకోదగ్గ వాగులు లేవు. అడుగునున్న ఊటలే దాన్ని నింపుతాయి. అందుకే నీళ్లు తేటగా ఉంటాయి, ట్రౌట్ చేపల వేటగాళ్లు మే నెల చివర్లో అక్కడికి చేరతారు. దానికి దగ్గర్లోనే నాసూల్ అనే చిన్న సరస్సు ఉంది. ఉన్నట్టుండి దాని నీళ్లన్నీ అడుగు బిలంలోకి దిగిపోయి బురద మడుగు మిగులుతుంది, కొంతకాలానికి మళ్లీ నిండుతుంది. ఊరి కథ దీనికి వేరే కారణం చెబుతుంది. బాలర్ అనే రాక్షసుడి కంటిచూపు పడితే సైన్యాలు కూలిపోయేవట. లూ అనే వీరుడు ఒడిసెలతో రాయి విసిరి ఆ కన్ను పెకలించాడు, అది నేల మీద పడి కాల్చిన గుంటే ఈ సరస్సు. కొండ పక్కన సరస్సు మాయమవడం కళ్లారా చూసిన జనం దానికో కథ అల్లుకోవడంలో నాకేమీ వింత కనిపించదు.

కెయిర్న్ జి లోపల

కారోకీల్‌లో రాళ్లగుట్టలకు ఆంగ్ల అక్షరాలే పేర్లు. 1911లో మెకాలిస్టర్, ఆర్మ్‌స్ట్రాంగ్, ప్రేగర్ అనే ముగ్గురు వాటిని తవ్వి, అక్షరాలతో గుర్తులు పెట్టారు. అందులో కెయిర్న్ జి (కెయిర్న్ అంటే రాళ్లగుట్ట) దగ్గర కాసేపు ఆగాలి.

బయటి నుంచి చూస్తే బూడిదరంగు సున్నపురాళ్ల కుప్ప. వాయవ్యం వైపు చిన్న ద్వారం. నడుము వంచితే చాలదు, చేతులూ మోకాళ్లూ నేలకు ఆనించి పాకాల్సిందే. కొద్ది దూరం పోగానే మనిషి నిలబడగలిగే గది వస్తుంది. ఎదురుగా ఒక అర, కుడి ఎడమల చెరొకటి. తల పైకెత్తితే కప్పు: రాతి పలకల్ని వరస మీద వరస కొంచెం కొంచెంగా లోపలికి జరుపుతూ పేర్చి, చివర ఒకే పలకతో మూసేశారు. సున్నం లేదు, మట్టి లేదు, రాయి బరువే రాయిని పట్టి ఉంచుతోంది. ఐదు వేల ఏళ్ల అట్లాంటిక్ వానలు దాన్ని కూల్చలేదు.

ద్వారం పైన ఇంకో సన్నటి కిటికీలాంటి సందు ఉంది. ఇలాంటిదే దాదాపు 130 కిలోమీటర్ల దూరంలో బోయిన్ నది ఒడ్డున న్యూగ్రేంజ్‌లో ఉంది. అక్కడ డిసెంబరు చివర, ఏడాదిలో అతి చిన్న పగలు ఉన్నప్పుడు, ఉదయపు ఎండ ఆ సందులోంచి గది దాకా వెళ్తుంది. పురావస్తు శాస్త్రవేత్త ఓకెలీ 1967లో దాన్ని గమనించాడు. కెయిర్న్ జిలో లెక్క తిరగబడింది: జూన్‌లో అతి పొడవైన పగలు వచ్చే రోజుల్లో, అస్తమించే సూర్యుడి వెలుగు లోపలికి వస్తుంది. పంట చేసుకునేవాడికి సూర్యుడి మలుపులు తెలియడం వింత కాదు. ఆ తెలివిని చనిపోయినవాళ్ల ఇంటి గుమ్మంలో ఇమిడ్చారే, నన్ను ఆపేసేది అది.

1911 నాటి తవ్వకం తొందరగా సాగింది. ఏ ఎముక ఏ పొరలో దొరికిందో సరిగ్గా రాసుకోలేదు. ఎముకలు కేంబ్రిడ్జికి వెళ్లాయి, ఎందుకంటే మెకాలిస్టర్ తండ్రి అక్కడ అనాటమీ ప్రొఫెసర్. తర్వాత దశాబ్దాలపాటు వాటి ఊసు ఎవరికీ పట్టలేదు. ఈ శతాబ్దంలో అవి మళ్లీ బయటపడి పరిశీలించినప్పుడు, కొన్నిటి మీద కీళ్ల దగ్గర రాతి పనిముట్ల కోతలు కనిపించాయి. కొన్ని దేహాల్ని కాల్చారు, కొన్నిటిని విడదీసి ఎముకల్ని లోపల చేర్చారు. అంటే ఇవి ఒక మనిషిని పూడ్చి మూసేసిన గోరీలు కావు. తరాల తరబడి తెరుస్తూ, చేరుస్తూ, కర్మలు చేస్తూ వాడుకున్న చోట్లు.

కెల్టులు కట్టలేదు, మేవ్ రాణీ లేదు

ఐర్లండ్‌లో పాతదేది కనిపించినా కెల్టులదని (ఐరిష్ భాషకు మూలమైన భాషలు మాట్లాడిన ప్రాచీన జనం) చెప్పేయడం అలవాటైపోయింది. ఇక్కడ అది పొరపాటు. ఈ సమాధుల్లో ఎక్కువభాగం క్రీ.పూ. 3700–3000 మధ్యవి. కెల్టిక్ భాషలు ఐర్లండ్‌కి ఎప్పుడొచ్చాయన్న దాని మీద వాదాలున్నా, ఈ సమాధుల కాలానికి చాలా తర్వాత అన్న దాంట్లో పెద్దగా తేడా లేదు.

నాక్‌నరే కొండ సంగతే తీసుకోండి. ఎత్తు 327 మీటర్లు. దాని తల మీద సుమారు 55 మీటర్ల వెడల్పు, 10 మీటర్ల ఎత్తున్న రాళ్లగుట్ట పాతిక కిలోమీటర్ల దూరానికీ కనిపిస్తుంది. జనం దాన్ని మేవ్ రాణి సమాధి అంటారు. మేవ్ మధ్యయుగాల రాతప్రతుల్లోని వీరగాథల రాణి. ఆ కథలు చెప్పే కాలం కూడా గుట్ట కట్టిన కాలానికి మూడు వేల ఏళ్ల ఇవతలిది. తాడ్వాయి దగ్గర దామరవాయి రాతి సమాధుల్లాంటివి కనిపిస్తే తెలంగాణ పల్లెల్లో రాక్షస గుళ్లన్నారు. ఎవరు కట్టారో మరిచిపోయాక, ఊహకు అందేంత పెద్ద పేరు ఒకటి తగిలించడం అక్కడా ఇక్కడా జరిగింది. నాక్‌నరే గుట్టను ఇప్పటిదాకా ఎవరూ శాస్త్రీయంగా తవ్వలేదు. లోపల పాసేజ్ సమాధి (సన్నటి దారి గుండా గదిలోకి వెళ్లే సమాధి) ఉండొచ్చని చుట్టుపక్కల చిన్న సమాధుల్ని బట్టి అనుకుంటున్నారు.

కాలం లెక్కలు కూడా ఒక పట్టాన తేలలేదు. కారోమోర్‌లో 1970ల చివర నుంచి తవ్వకాలు జరిపిన స్వీడన్ శాస్త్రవేత్త యోరన్ బూరెన్‌హుల్ట్ అక్కడి కొన్ని సమాధులకు మరీ పాత తేదీలు ఇచ్చాడు. వ్యవసాయం రాకముందే వేటగాళ్లు కట్టారేమోనన్న చర్చ దాన్నుంచే వచ్చింది. ఆయన తేదీలు ఎక్కువగా బొగ్గు మీద ఆధారపడ్డాయి. చిక్కల్లా ఇక్కడే: వందల ఏళ్లు బతికిన చెట్టు నడిబొడ్డు కాల్చిన బొగ్గు, ఆ మంట వేసిన రోజు కంటే చాలా పాత తేదీ చూపిస్తుంది. తర్వాత శవాలతో పాటు దొరికిన ఎముక, కొమ్ము సూదులకే రేడియోకార్బన్ పరీక్షలు చేశారు. సూది ఒక జంతువు చనిపోయిన కాలాన్ని చెబుతుంది కాబట్టి నమ్మకం ఎక్కువ. దాంతో కారోమోర్ రైతుల కాలానికే వచ్చి చేరింది.

ఎవరా రైతులు? 2020లో లారా క్యాసిడీ బృందం నేచర్ పత్రికలో ప్రచురించిన డీఎన్ఏ పరిశోధన ప్రకారం వాళ్ల పూర్వీకులు ఇప్పటి టర్కీ ప్రాంతం నుంచి తరతరాలుగా యూరప్ అంతటా విస్తరించిన తొలి వ్యవసాయదారులు. అంతకుముందు ఐర్లండ్‌లో ఉన్న వేటగాళ్ల జాడ వాళ్లలో చాలా తక్కువ. కారోమోర్, కారోకీల్, న్యూగ్రేంజ్ సమాధుల్లోని వ్యక్తుల మధ్య దూరపు బంధుత్వం ఉంది. న్యూగ్రేంజ్‌లో దొరికిన ఒక పురుషుడి తల్లిదండ్రులు అన్నాచెల్లెళ్లో, లేదా తండ్రీకూతుళ్ల వంటి దగ్గరి రక్తసంబంధీకులో అని తేలింది. దీన్నుంచి ఆ బృందం రాజవంశం లాంటి పెద్దింటి పాలన ఉండేదని ఊహించింది. పత్రికలు ఇంకొంచెం ముందుకెళ్లి ఆయన్ని రాజు చేసేశాయి.

2025లో యాంటిక్విటీ పత్రికలో మరో బృందం దీన్ని గట్టిగా కాదంది. చేతిలో ఉన్నది ఒకే ఒక్క పుర్రె ముక్క. పైగా ఈ సమాధుల్లో చేరినవి ఎన్నో ఎముకల ముక్కలు, తల్లిదండ్రుల బంధుత్వం ఒక్కదానితో రాజరికం రుజువు కాదు అన్నది వాళ్ల వాదన. నేను ఈ రెండో పక్షమే. దూరపు బంధుత్వాలు ఈ సమాధులు కట్టినవాళ్ల మధ్య రాకపోకలు, పెళ్లిళ్లు ఉన్నాయని చూపిస్తాయి, అదే పెద్ద సంగతి. సింహాసనం దాకా వెళ్లడానికి ఆధారం లేదు. క్రీ.పూ. 2500 తర్వాత మరో వలస వచ్చింది. ఇప్పటి ఐరిష్ జనం జన్యువుల్లో ఎక్కువ పాలు ఆ రెండో వలసవాళ్లదే.

అడవి పోయి పీట్ వచ్చింది

తొలి రైతులు వచ్చేసరికి ఐర్లండ్ అడవి. సరస్సుల అడుగు బురదలో పొరలు పొరలుగా పేరుకున్న పుప్పొడి ఆ సంగతి చెబుతుంది. క్రీ.పూ. 3800 ప్రాంతంలో ఎల్మ్ చెట్ల పుప్పొడి ఒక్కసారిగా పడిపోతుంది, గడ్డి, కలుపు మొక్కలు, ధాన్యాల పుప్పొడి మొదలవుతుంది. ఎల్మ్ పడిపోవడానికి చెట్ల తెగులు కూడా కారణం కావచ్చు, కానీ గడ్డి పెరగడం పశువుల కోసమే.

ఇక పీట్. కొండ మీద చెట్లు కొట్టేస్తే అవి పీల్చే నీరు నేలలోనే మిగులుతుంది. పశ్చిమ తీరంలోని ఈ కొండల్లో ఏడాదికి 1,200 మిల్లీమీటర్లు దాటి వాన పడుతుంది, అదీ ఏడాదిలో 200 రోజులకు పైగా. హైదరాబాద్‌లో దాదాపు 800 మిల్లీమీటర్లు, చాలావరకు నాలుగు నెలల్లోనే. ఏడాది పొడవునా తడిసే నేలలో పోషకాలు కిందికి దిగిపోతాయి, కొంత లోతున ఇనుము గట్టి పొరగా పేరుకుని నీళ్లు ఇంకకుండా అడ్డుపడుతుంది. నిలవ నీటిలో గాలి ఆడదు. స్ఫాగ్నమ్ అనే నాచు పెరుగుతుంది, చచ్చిన మొక్కలు పూర్తిగా కుళ్లవు, వాటి మీద ఇంకో పొర పెరుగుతుంది. అలా వేల ఏళ్లలో మీటర్ల మందాన పేరుకున్నదే పీట్. ఇందులో వాతావరణం చల్లబడటం వాటా ఎంత, గొడ్డలి వాటా ఎంత అన్న వాదన ఇంకా తేలలేదు. రెండూ ఉన్నాయనే చాలామంది ఒప్పుకుంటారు.

పక్కనే ఉన్న మేయో కౌంటీ ఉత్తర తీరంలో ఇది కళ్లకు కట్టినట్టు కనిపిస్తుంది. 1930లలో పాట్రిక్ కాల్‌ఫీల్డ్ అనే బడిపంతులు పొయ్యిలోకి పీట్ కోసుకుంటుంటే అడుగున రాళ్ల వరసలు తగిలాయి. అవి పీట్ పుట్టకముందు వేసినవని, అంటే చాలా పాతవని ఆయన గ్రహించాడు. కొడుకు షేమస్ పురావస్తు శాస్త్రం చదివి, 1970ల్లో పొడవాటి ఇనుప చువ్వల్ని పీట్‌లోకి గుచ్చుతూ, రాయి తగిలిన చోటల్లా గుర్తు పెట్టుకుంటూ పోయాడు. తవ్వకుండానే కిలోమీటర్ల కొద్దీ పొలం గట్లు బయటపడ్డాయి. కేజ ఫీల్డ్స్ అనే ఈ చోటును ప్రపంచంలోకెల్లా పాత పొలాల్లో ఒకటిగా చెబుతారు. గట్లు తొలి రైతులవి కావు, కంచుయుగానివని వాదించే పరిశోధకులూ ఉన్నారు.

కారోకీల్ పక్కన ముల్లాఘ్‌ఫార్నా అనే సున్నపురాతి తలం మీద పీట్ అంతగా పట్టలేదు. అక్కడ నూటికి పైగా గుండ్రటి ఆవరణల పునాదులు నేటికీ పైకి కనిపిస్తాయి. సమాధుల దగ్గర అంతమంది ఎందుకు గుమిగూడారు? కాపురాలా, పండగ రోజుల్లో వేసుకున్న విడిది గుడిసెలా? రెండోదే ఎక్కువ నమ్మేలా ఉంది, అంత ఎత్తున నీళ్లు దొరకవు.

మనిషి పని అక్కడితో ఆగలేదు. 20వ శతాబ్దం మొదలయ్యేసరికి ఐర్లండ్ నేలలో అడవి ఒక్క శాతం దాకా పడిపోయింది. 1980ల్లో యూరప్ రాయితీలు గొర్రెల తలల లెక్కన ఇవ్వడంతో కొండల మీద మందలు మితిమీరి, పీట్ పైపొర చాలాచోట్ల కొట్టుకుపోయింది. పచ్చగా కనిపించే కొండ ఆరోగ్యంగా ఉందనుకోకూడదు.

ఆ కొండ ఎవరిది?

నడవడానికి వెళ్లేవాళ్లను తికమక పెట్టేది ఇదే. స్కాట్లండ్‌లో 2003 చట్టం ప్రకారం దాదాపు ఏ కొండ మీదైనా బాధ్యతగా తిరగొచ్చు. ఐర్లండ్‌లో అలాంటి హక్కు లేదు. చాలా కొండలు ప్రైవేటు పొలాలు, లేదంటే కొందరు రైతుల ఉమ్మడి మేత భూములు. నడక దారుల్లో అధిక భాగం రైతుల ఒప్పుదలతో తెరిచినవి.

దీన్ని రైతుల మొండితనం అనుకుంటే అన్యాయం. 19వ శతాబ్దంలో వాళ్ల పూర్వీకులు కౌలుదార్లు. 1845లో మొదలైన కరవులో లక్షల మంది చచ్చిపోయారు, కౌలు కట్టలేనివాళ్లను ఇళ్లు కూలగొట్టి వెళ్లగొట్టారు. 1903 భూచట్టం తర్వాతే ప్రభుత్వ అప్పుతో ఎక్కువమంది తమ పొలాన్ని తాము కొనుక్కోగలిగారు. నాలుగైదు తరాల కిందట అంత కష్టపడి తెచ్చుకున్న గట్టు మీద ఎవరైనా నడవొచ్చంటే గుండె ఒప్పుకోదు. 1937 రాజ్యాంగం కూడా సొంత ఆస్తికి గట్టి రక్షణ ఇచ్చింది.

స్లైగోలోనే దీని మీద పెద్ద వ్యాజ్యం నడిచింది. లిస్సడెల్ ఎస్టేట్ దారుల మీద ప్రజలకు హక్కుందని 2010లో హైకోర్టు చెప్పింది. 2013లో సుప్రీంకోర్టు ఒక తీరపు దారి తప్ప మిగతావాటి మీద ఆ హక్కు రుజువు కాలేదంది. ఏళ్లుగా జనం నడుస్తున్నా, యజమాని ఊరుకోవడం వేరు, దారిని ప్రజలకు అంకితం చేయడం వేరు అన్నది కోర్టు పెట్టిన తేడా.

ఇంకో భయం నష్టపరిహారం. 1995 చట్టం ప్రకారం సరదాగా నడవడానికి వచ్చినవాళ్ల పట్ల భూయజమాని బాధ్యత చాలా తక్కువ: కావాలని హాని చేయకూడదు, బొత్తిగా నిర్లక్ష్యంగా ఉండకూడదు. అయినా 2016లో విక్లో కొండల్లో చెక్కదారి మీద పడిపోయిన ఒక నడకరికి కింది కోర్టు 40,000 యూరోలు ఇవ్వమన్నప్పుడు రైతులంతా ఉలిక్కిపడ్డారు. 2017లో హైకోర్టు ఆ తీర్పు కొట్టేశాకే ఊపిరి పీల్చుకున్నారు. 2008 నుంచి నడుస్తున్న వాక్స్ స్కీమ్ కింద దారిని బాగుచేసి ఉంచే రైతులకు ప్రభుత్వం డబ్బు ఇస్తోంది. అది దారికి అద్దె కాదు, పనికి కూలి. ఈ మధ్యేమార్గం నాకు నచ్చుతుంది, హక్కు మాట ఎత్తకుండానే గేటు తెరిపించింది.

పాత కట్టడాలకు చట్టం రక్షణ 1882లో మొదలైంది, 1930లో ఐర్లండ్ తన సొంత చట్టం చేసుకుంది. చట్టాలు రాకముందు జరిగిన నష్టం మాత్రం తక్కువది కాదు. కారోమోర్‌లో కంకర కోసం, పొలం చదును కోసం ఎన్నో సమాధుల్ని లేపేశారు, 30 దాకా మిగిలాయి. ఆరో సరస్సు ఉత్తర కొసనున్న హీప్స్‌టౌన్ గుట్ట రాళ్లు రోడ్లకు, గోడలకు పోయాయి. చట్టం వచ్చాక కూడా, 1980ల్లో కారోమోర్ పక్కన చెత్త డంపు పెట్టాలని కౌంటీ కౌన్సిల్ చూసింది. ఊరివాళ్లు సుప్రీంకోర్టు దాకా వెళ్లి ఆపించారు. ఆ ఊరివాళ్లు లేకపోతే ఇవాళ అక్కడ చూడటానికేమి మిగిలేదో తెలియదు.

ఇప్పుడు ముప్పు పాదాల నుంచి. నాక్‌నరే గుట్ట ఎక్కి ఫొటో దిగేవాళ్ల అడుగుల కింద రాళ్లు జారి, గుట్ట పక్కలు చితుకుతున్నాయి. ఎక్కొద్దని బోర్డు పెట్టారు. వెళ్లేవాళ్లు గుట్ట చుట్టూ తిరిగి వస్తే చాలు, సముద్రం, బెన్‌బుల్బెన్, గిల్ సరస్సు అక్కడి నుంచీ కనిపిస్తాయి. కారోకీల్ గొర్రెలు మేసే కొండ, కుక్కను తీసుకెళ్లొద్దు. తెరిచిన గేటు మళ్లీ వేయండి.

2022లో ఐర్లండ్ ప్రభుత్వం స్లైగో పాసేజ్ సమాధుల ప్రాంతాన్ని యునెస్కో తాత్కాలిక జాబితాలో చేర్చింది. అది గుర్తింపు కాదు, వరసలో నిలబడటం. తుది దరఖాస్తుకు సమాధుల చుట్టూ సరిహద్దు గీయాలి, దాని బయట రక్షణ వలయం గీయాలి, లోపల ఏం కట్టొచ్చో, ఎక్కడ మేపొచ్చో రాసివ్వాలి. స్లైగోలో ఆ గీత ఎక్కడ గీసినా ఎవరిదో ఒకరి మేత భూమి మీదుగా, ఎవరో కొడుక్కి ఇల్లు కట్టిద్దామనుకున్న స్థలం మీదుగా పోతుంది. ముందు ఆ రైతులతో కూర్చుని మాట్లాడుకోకపోతే కొండ మీద గుట్టకు పేరొస్తుంది గానీ, కింద గేట్లు మూసుకుంటాయి.